పది చింతల పుణ్యం



వృక్షాలను నాటినందువలన కలిగే ఫలాన్ని చెప్పే శ్లోకం ఒకటి మన పౌరాణిక వాఙ్మయంలో ప్రసిద్ధంగా ఉన్నది. ఒక రావి, ఒక వేప, ఒక మఱ్ఱి, పది చింతలు, వెలగ-మారేడు-ఉసిరి అనే త్రయం, ఐదు మామిళ్ళు నాటినవాడు నరకాన్ని చూడడని దాని తాత్పర్యం. కొద్దిపాటి పాఠభేదాలతో ఇది పలు గ్రంథాలలో కనబడుతుంది. కొన్ని పాఠాలలో చింతలకు బదులు పది పుష్పజాతులు చెప్పబడినవి. అయినను చింతలను చెప్పే పాఠమే వృక్షాయుర్వేదం చదివినవారికి సుపరిచితం.

ఈ శ్లోకంలో ఒక విశేషం గమనించండి. అశ్వత్థం సాక్షాత్తు నారాయణ స్వరూపమని పూజిస్తాము. దానిని ఒక్కటే నాటమన్నారు. వేప అమ్మవారి వృక్షం, అదియు ఒక్కటే. మఱ్ఱి ప్రళయకాలంలో బాలముకుందునికి పడక అయిన చెట్టు, అదియు ఒక్కటే. లోకమంతా ఇష్టపడే మామిడికి ఐదు. ఎవరూ ప్రదక్షిణం చేయని, దారం చుట్టని, పైగా దయ్యాలుంటాయని భయపడే చింతకు మాత్రం పది! పెద్దలు ఈ సంఖ్యను ఏ ఉద్దేశంతో పెట్టి ఉంటారు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ప్రయోజనం. మాఘ ఫాల్గుణాలలో చింతపండు రాలే కాలం గనుక ఈ విచారణ సమయోచితం కూడా.

నామ విచారం

చింతకు సంస్కృతంలో చించా, తింతిడీ, తింత్రిణీ, అమ్లికా అని పేర్లు. పాఠశాలలో అమరం వల్లించే రోజులలో మా గురువుగారు ఒక సూక్ష్మం చెప్పేవారు. అమరసింహుడు ద్వితీయకాండ వనౌషధివర్గంలో తింతిడీ, చించా, అమ్లికా అని చింతచెట్టుకు పర్యాయాలు చెప్పాడు. అదే కాండలో వైశ్యవర్గంలో పాకద్రవ్యాలను చెప్పేటప్పుడు తింతిడీకం, చుక్రం, వృక్షామ్లం అని మరొక వరుస చెప్పాడు. ఒక్క 'క'కారం చేరగానే వస్తువు మారుతుంది. వృక్షామ్లమంటే పడమటి కనుమలలో పండే వేరొక పుల్లని పండు. వైద్యగ్రంథాలు చదివేటప్పుడు ఈ భేదం తెలియకపోతే ఒక ఔషధానికి బదులు మరొకటి వేసే ప్రమాదం ఉన్నది.

తెలుగులో 'చింత' అన్న మాట రెండు విధాలుగా వినబడుతుంది. మనోవ్యథ అనే అర్థంలో ఉన్న చింత సంస్కృతంలోని 'చింతా' శబ్దం నుంచి వచ్చినది. చింతన, చింతామణి దాని బంధువులు. చెట్టు పేరైన చింతకు ఆ చింతతో ఏ సంబంధమూ లేదు. చింతచెట్టు ఇంటిదగ్గర ఉంటే చింతలు పెరుగుతాయని కొందరు చెప్పే మాట కేవలం శబ్దసామ్యం వలన పుట్టిన శంక. అట్లయితే చింతామణిని కూడా భయపడి దూరం పెట్టవలసి వస్తుంది!

తమిళంలో దీనిని పుళి అంటారు. మన పులుపు, పులుసు, పులిహోరలలోని మొదటి భాగం దానికి తోబుట్టువే. పులి అన్నమాట వినగానే పులివెందుల గుర్తుకు రావచ్చును. కాని ఆ ఊరిపేరును పులుల మందతో ముడిపెట్టి చెప్పడమే అక్కడి పెద్దల వాడుక. చింత పేరును నేరుగా మోసే ఊళ్ళు మన జిల్లాలో వేరే ఉన్నాయి. కడపను ఆనుకొని ఉన్న చింతకొమ్మదిన్నె ఒకటి. జమ్మలమడుగు నుంచి పులివెందులకు పోయే దారిలో వచ్చే ముద్దనూరు మండలంలోని చింతకుంట మరొకటి. ఆ చింతకుంట కొండరాళ్ళ మీద ప్రాచీన మానవుడు గీసిన వర్ణచిత్రాలు నేటికీ ఉన్నవి. ఊరికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు మన పూర్వులు కంటికెదురుగా నిలిచిన చెట్టునే ఆశ్రయించారు.

వృక్ష స్వభావం

వృక్షశాస్త్రజ్ఞులు చింత పుట్టినిల్లు ఆఫ్రికా ఖండమంటారు. అయినను అది ఎంత ప్రాచీన కాలంలో మన దేశానికి వచ్చినదంటే, ఉత్తరప్రదేశ్‌లో సరయూనదీ తీరాన ఉన్న నర్హన్ అనే చోట జరిగిన తవ్వకాలలో మూడువేల ఏండ్లకు పైబడిన చింతకర్ర బొగ్గు దొరికినది. అరబ్బు వర్తకులు దీనిని మన దేశపు సరుకుగానే ఎరుగుదురు. వారు 'తమర్ హింద్', అనగా హిందూదేశపు ఖర్జూరం అని పిలిచారు. పాశ్చాత్యుల భాషలలోని పేర్లన్నీ ఆ మాట నుంచి పుట్టినవే. 1753లో లిన్నేయసు పెట్టిన శాస్త్రీయ నామంలోనూ ఆ అరబ్బీ మాట, దాని ప్రక్కన మన దేశం పేరు చేరి ఉన్నాయి. పరదేశం నుంచి వచ్చి ఈ నేలలో వేరూని, ఈ నేల పేరుతోనే లోకమంతా ప్రసిద్ధి పొందిన చెట్టు ఇది.

కందులు, శనగలు, వేరుశనగలు ఏ కుటుంబానికి చెందినవో చింత కూడా ఆ కుటుంబానిదే. కాయలో గింజలు వరుసగా ఉండుటయే దానికి గుర్తు. ఆ కుటుంబంలోని అనేక వృక్షాలవలెనే ఇది కూడా ప్రొద్దు క్రుంకగానే ఆకులు ముడుచుకొంటుంది. ఈ సంగతిని గుర్తుంచుకోండి. ఆళ్వారుల చరిత్రలో దీనితో మళ్ళీ పని ఉన్నది.

చింతపండులో పులుపుతోపాటు తీపి కూడా సమృద్ధిగా ఉన్నది. దాని పులుపుకు ప్రధాన కారణం టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షలో ఉండేదీ అదే. ఇతర ఫలాలు పండేకొద్దీ పులుపు తగ్గి తీపెక్కుతాయి. చింతలో తీపి పెరుగుతుంది గాని పులుపు పోదు. పండు ఎండి ముడుచుకొని, ఏడాదిపాటు జాడీలో ఉన్నా పులుపు నిలుస్తుంది. చింత చచ్చినా పులుపు చావదని మనవారు సామెత కట్టినది ఊరికే కాదు.

భగవంతుని నివాసం

కడపను తిరుమలకు గడప అంటారు. ఉత్తరదిక్కు నుంచి వేంకటాచల యాత్రకు పోయే భక్తులు దేవుని కడపలో స్వామిని సేవించి ముందుకు సాగడం పూర్వాచారం. ఆ గడప దాటి వెళ్ళిన యాత్రికునికి కొండమీద దొరికే కథలలో మొదటిది చింతచెట్టు కథ. లక్ష్మీదేవి అలిగి కొల్లాపురానికి వెళ్ళిపోగా, వైకుంఠం విడిచిన శ్రీమన్నారాయణుడు శేషాద్రికి వచ్చి, స్వామిపుష్కరిణీ తీరాన ఒక చింతచెట్టు క్రింది పుట్టలో వసించినట్లు వేంకటాచల మాహాత్మ్యం చెప్పుచున్నది. ఆవు వచ్చి పుట్టలో పాలు కురిసినది, గోపాలుడు గొడ్డలి ఎత్తినది ఆ చెట్టు క్రిందనే. కల్పవృక్షాలున్న వైకుంఠాన్ని విడిచి వచ్చిన స్వామికి నీడనిచ్చిన పుణ్యం ఏ చందనానికో పారిజాతానికో దక్కలేదు. మన పొలంగట్టున పెరిగే చింతకు దక్కినది.

ద్రావిడ దేశంలో తామ్రపర్ణీ తీరాన కురుకాపురి ఉన్నది. నేడు దానిని ఆళ్వార్ తిరునగరి అంటారు. అక్కడ జన్మించిన నమ్మాళ్వారు పుట్టినప్పుడు ఏడవలేదు, పాలు త్రాగలేదు. తల్లిదండ్రులు ఆ శిశువును ఆదినాథస్వామి సన్నిధికి చేర్చగా, ఆయన అక్కడి చింతచెట్టు తొఱ్ఱలో ప్రవేశించి పదునారేండ్లు మౌనంగా యోగనిష్ఠలో ఉన్నారు. ఉత్తరదేశ యాత్రలో ఉన్న మధురకవి దక్షిణాన ఒక దివ్యతేజస్సును చూచి, దానిని అనుసరించి వచ్చి ఆ చెట్టు ముందు నిలిచారు. ఆయన ప్రశ్నకు బదులిస్తూ ఆళ్వారు తొలిసారి నోరు విప్పారు. ఆ చెట్టును ఆదిశేషుని అంశగా భావించి నేటికీ పూజిస్తారు. దానికి 'నిద్రించని చింత' అని పేరు. తక్కిన చింతలన్నీ రాత్రి ఆకులు ముడుచుకోగా ఇది స్వామిసేవలో మేలుకొని ఉంటుందని సంప్రదాయం. శేషుడు లక్ష్మణుడై వనవాసంలో నిద్ర మానిన కథను దీనితో కలిపి చెప్పుకొంటే భక్తి ఇబ్బడిస్తుంది.

తిరుమలలో భగవంతునికి, కురుకాపురిలో భాగవతునికి ఈ చెట్టే ఇల్లు అయినది. ఇంతకుమించిన పావనత్వం ఒక వృక్షానికి ఏమి కావాలి?

భయం ఎక్కడిది?

ఇట్లుండగా, చింతను దయ్యాల చెట్టని, ఇంటి ఆవరణలో ఉంటే అరిష్టమని భయపడి, పెద్దలు నాటిన చెట్లను కొట్టించేవారు మన ప్రాంతంలో ఉన్నారు. 'శాస్త్రం ఒప్పుకోదట గదా, స్వామీ!' అని నన్నడిగినవారే పలువురు. కనుక శాస్త్రం ఏమి చెప్పినదో విచారిద్దాం.

వరాహమిహిరుడు బృహత్సంహితలోని వాస్తువిద్యాధ్యాయంలో ఇంటికి మిక్కిలి చేరువగా ముళ్ళచెట్లు, పాలుగారే చెట్లు, ఫలవృక్షాలు ఉండరాదని చెప్పాడు. ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది, ఆయన ఫలవృక్షాలన్నింటినీ కలిపి చెప్పాడు. పెరటిలో మామిడిని, జామను ఆనందంగా పెంచుకొంటూ, చింతను మాత్రం శాస్త్రం పేరుతో కొట్టివేయడం శాస్త్రానుసారం కాదు. రెండవది ఇంకా ముఖ్యం. ఆ చెట్లను కొట్టని పక్షంలో వాటికి, ఇంటికి నడుమ పున్నాగ, అశోక, వకుళ, పనస, శమీ వంటి శుభవృక్షాలను నాటుమని ఆయనే పరిహారం చెప్పాడు. అనగా ఒక చెట్టు దోషానికి మరొక చెట్టు నాటడమే ప్రాయశ్చిత్తం! గొడ్డలి పట్టుకొనే ముందు ఈ వాక్యం ఉన్నదని తెలిసికొన్నవాడు గొడ్డలి దించి, పొగడమొక్క కోసం వెదకుతాడు.

ఇక రాత్రివేళ చింతక్రింద పడుకోరాదనే మాటలో వివేకం లేకపోలేదు. ముదురు చింతల మొదళ్ళలో తొఱ్ఱలు పడతాయి. వాటిలో గుడ్లగూబలు, పాములు చేరుతాయి. గుబురుగా అల్లుకొన్న కొమ్మల క్రింద వెన్నెల రాత్రియందు కూడా చీకటిగానే ఉంటుంది. పసిపిల్లలను ఆ చీకటిలోకి పోనీయకుండా పెద్దలు దయ్యం పేరు చెప్పి ఉంటారు. ఇంటిగోడకు ఆనుకొని పెద్దచెట్టు వద్దనడం కూడా సమంజసమే. దాని వేళ్ళకు, కొమ్మలకు విశాలమైన చోటు కావాలి. ఆ నియమం చెట్టును ఎక్కడ నాటవలెనో చెప్పుచున్నది. నాటనే రాదని, ఉన్నదానిని నరకవలెనని చెప్పుట లేదు.

చింతకు భయపడేవారు భాగ్యనగరంలోని ఒక చింతను తలచుకోవాలి. 1908 సెప్టెంబరు 28న మూసీనదికి మహాప్రళయం వంటి వరద వచ్చినప్పుడు, అఫ్జల్‌గంజ్‌లో నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టును ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఇండ్లు కూలినవి, వంతెనలు తెగినవి, చింత నిలిచినది. అంతమంది బరువును వరదనీటి ఒరవడిలో మోసిన చెట్టును దయ్యాల చెట్టనడం కృతఘ్నత అనిపించుకొంటుంది.

నైవేద్యంలో, పథ్యంలో

జమ్మలమడుగు నారాపుర వేంకటేశ్వరుని సన్నిధి కానీ, పులివెందుల రంగనాథుని సన్నిధి కానీ, ప్రొద్దుటూరు అమ్మవారిశాల దసరా ఉత్సవాలు కానీ, భక్తుని దోసిట్లో పడే ప్రసాదాలలో పులిహోరకు సాటి లేదు. పుళి అనగా చింత, ఓగిరమనగా అన్నం. ఆ రెండూ కలిసి పులిహోర అయినదని చెబుతారు. నైవేద్యపు పులిహోర చేసేవారు ఒక నియమం పాటించాలి. నివేదనకు ముందు రుచి చూడరాదు గనుక కొలత ముందుగానే సరిగా ఉండాలి. కిలో బియ్యానికి 150 నుంచి 200 గ్రాముల చింతపండు సరిపోతుంది. కొత్తపండు అయితే పులుపును బట్టి కొంత తగ్గించుకోవాలి. పండును కడిగి వేడినీటిలో నానబెట్టి, చిక్కగా పిసికి వడగట్టి, పసుపు, ఉప్పు, పచ్చిమిరపకాయలు, కొద్దిపాటి బెల్లం చేర్చి, నూనె పైకి తేలేవరకు ఉడికించాలి. అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో ఆరబోసి, నువ్వులనూనె, కరివేపాకు వేసి, తరువాత పులుసు, పోపు కలపాలి. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో చింతపండు పులుసు కాచరాదు, నిలువ ఉంచరాదు. పులుపు లోహాన్ని కరగించి ఆహారాన్ని విషతుల్యం చేస్తుంది. ఆ గుణమే పూజాపాత్రలను తోమేటప్పుడు మనకు ఉపకరిస్తుంది. చింతపండుతో రుద్దిన హారతిపళ్ళెం క్రొత్త బంగారంలా మెరుస్తుంది.

ఉగాదినాటి షడ్రుచుల పచ్చడిలో పులుపు భాగం కొత్త చింతపండుదే. మాఘ ఫాల్గుణాలలో రాలిన పండు చైత్రశుద్ధ పాడ్యమి నాటికి ఇంటికి చేరుతుంది. అప్పుడే వేప పూస్తుంది, మామిడి పిందె వేస్తుంది. ఋతువు ఏమి ఇస్తే దానినే దేవునికి నివేదించే ధర్మం ఆ పచ్చడిలో ఇమిడి ఉన్నది. కొన్ని సంప్రదాయాలలో పితృకార్యాల వంటలో చింతపండు వాడరు. ఆ కుటుంబాలవారు తమ ఆచారాన్ని తాము పాటించాలి.

వైద్యశాస్త్రంలో భావమిశ్రుడు పచ్చి చింతకాయకు, పండిన చింతపండుకు వేర్వేరు గుణాలు చెప్పాడు. పచ్చికాయ గురువు, అనగా ఆలస్యంగా జీర్ణమయ్యేది. వాతాన్ని హరించినా పిత్తకఫాలను, రక్తదోషాన్ని పెంచుతుంది. పండినది జఠరాగ్నిని దీపింపజేస్తుంది, ఉష్ణగుణం కలది, విరేచనకారి, కఫవాతాలను పోగొడుతుంది. కనుక చింతకాయ తొక్కును మితంగాను, పండును యుక్తంగాను వాడుకోవాలి. చింతపండు రసంలో శర్కర, మిరియాలు, లవంగం, కొంచెం పచ్చకర్పూరం చేర్చిన పానకాన్ని కూడా ఆయన వర్ణించాడు. మన కడప ఎండలలో శ్రీరామనవమి నాటి పానకానికి ఇది చక్కని తోడు.

ఆధునికుల పరిశీలన ఒకటి మన ప్రాంతంవారు తెలిసికొనదగినది. మన జిల్లాలో కొన్ని గ్రామాల బోరునీటిలో ఫ్లోరైడు అధికమన్న సంగతి విదితమే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కొందరు బాలురకు భోజనంతోపాటు ప్రతిదినం 10 గ్రాముల చింతపండు ఇచ్చి పరీక్షించగా, మూత్రంద్వారా ఫ్లోరైడు ఎక్కువగా వెలికిపోయినట్లు తేలినది. ఆ ఫలితాలు 2002లో ప్రకటించారు. చింతపండు శుద్ధజలానికి బదులు కాజాలదు. త్రాగునీరు మంచిది కావలసినదే. కాని చారు, పులుసు లేని భోజనం వద్దన్న పెద్దల మాటలో ఎంత మేలు దాగి ఉన్నదో చూడండి.

వ్యర్థం కాని వృక్షం

చింతలో పారవేయదగిన భాగం లేదు. వసంతంలో చిగురు పప్పులోకి, పూత పచ్చడిలోకి, పచ్చికాయ తొక్కులోకి, పండు ఏడాదిపొడుగునా వంటలోకి వస్తుంది. పెంకు పొయ్యిలోకి పోతుంది. గింజలు వామనగుంటలలోకి, పచ్చీసులోకి చేరుతాయి. గింజలను వేయించి నూరి కాచిన జిగురును గొఱ్ఱెబొచ్చు కంబళ్ళ నేతలో నూలుకు పట్టిస్తారు. కొండపల్లి బొమ్మలను అతికే మక్కు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసినదే. శ్రీకాళహస్తిలో రామాయణ భారతగాథలను వస్త్రాలమీద చిత్రించే కలంకారీ కళాకారులు, తొలి రేఖలు గీయడానికి చింతపుల్లలను కాల్చిన బొగ్గు వాడుతారు. ఆలయాలలో స్వామి వెనుక వ్రేలాడే తెరమీది దేవతామూర్తికి మొదటి రూపం చింతబొగ్గుతో ఏర్పడుతుంది.

ఈ చెట్టు ఎందరికో జీవనాధారం కూడా. వెదురుగడలతో కాయలు రాల్చేవారు, పెంకు ఒలిచి, ఈనెలు తీసి, కొట్టి గింజ వేరుచేసే స్త్రీలు, ఎండబెట్టి ఉండలు కట్టేవారు, బండ్లకెత్తేవారు ఎండకాలమంతా దీని నీడలోనే బ్రతుకుతారు. మన సీమలోనే ఉన్న హిందూపురం విపణి చింతపండుకు ప్రసిద్ధి. కరిపులి, ఫ్లవర్ అనే రకాలుగా విభజించి అక్కడ వేలం వేస్తారు. పొలంలో ఏ పనీ లేని మాసాలలో పేదకుటుంబానికి పని కల్పించే చెట్టు చింత.

పది అన్న సంఖ్య

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పది చింతలు ఎందుకు?

మొదటి కారణం అవసరం. రావినీడలో ఊరంతా కూర్చోవచ్చును. ఊరికి ఒక్కటి చాలును. చింతపండు మాత్రం ప్రతి ఇంటి పొయ్యిమీదకు ప్రతిదినం రావాలి. పెద్దచెట్టు మంచి ఏడాదిలో 150 నుంచి 200 కిలోల కాయ ఇస్తుంది. అందులో సుమారు సగం గుజ్జు, మూడవవంతు గింజ, మిగిలినది పెంకు, పీచు. నెలకు కిలో చింతపండు వాడే కుటుంబాలను లెక్కిస్తే ఒక్క చెట్టు ఆరు ఇండ్లకు ఏడాదంతా సరిపోతుంది; పది చెట్లు ఒక చిన్నపల్లెను పోషిస్తాయి.

రెండవ కారణం చెట్టు స్వభావం. చింత ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు తగ్గడం సహజం. ఒక్కచెట్టును నమ్ముకొన్నవానికి కాపు తప్పిన ఏడు చింతపండు కరవే. పది ఉంటే ఒకటి తప్పినా మరొకటి ఆదుకొంటుంది.

మూడవది, నా దృష్టిలో ముఖ్యమైనది, ధర్మానికి సంబంధించినది. మన శాస్త్రాలు పుణ్యకర్మలను ఇష్టం, పూర్తం అని రెండుగా విభజించినవి. యజ్ఞయాగాదులు ఇష్టం. బావులు, చెరువులు, సత్రాలు, తోటలు పూర్తం. పూర్తధర్మంలో కర్త తాను అనుభవించని ఫలాన్ని ఇతరులకు విడిచిపెడతాడు. గింజనాటిన చింత కాపుకు రావడానికి ఏడెనిమిదేండ్లు, పదేండ్లు కూడా పట్టవచ్చును. నిండుకాపుకు ఇంకా ఎక్కువ. ఆ తరువాత అది నూరేండ్లు, ఇన్నూరేండ్లు నిలుస్తుంది. నడివయసు దాటి చింతనాటినవాడు దాని పులుసు రుచి చూస్తాడో లేదో. అతని మునిమనుమలు తప్పక చూస్తారు. నాటినవాని పేరు ఎవరికీ గుర్తుండదు, నీడ మాత్రం అందరికీ అందుతుంది. నిష్కామకర్మకు ఇంతకంటె సులభమైన సాధన నాకు కనబడదు. అట్టి కర్మ ఒక్కసారి చేస్తే చాలదు, పదిసార్లు చేయమని పెద్దల ఆదేశంగా ఈ సంఖ్యను నేను గ్రహిస్తున్నాను.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళకు ప్రసిద్ధి. స్వామికి స్వర్ణాభరణం సమర్పించగల భాగ్యవంతులు ఉన్నారు. వారి భక్తి ప్రశంసనీయం. కాని కాసు బంగారం కొనలేని కూలివాడు కూడా పది చింతగింజలు నాటగలడు. పురాణం ఆ పనికి చెప్పిన ఫలం ఏ స్వర్ణదానానికీ తీసిపోదు.

నాటువిధానం

బృహత్సంహితలో వృక్షాయుర్వేదాధ్యాయం ఒకటి ఉన్నది. చింతవంటి కఠినబీజాన్ని కూడా మొలకెత్తించే విధానం అందులో చెప్పబడినది. వరి, మినుము, నువ్వుల చూర్ణాలు, యవల పిండి మొదలైనవి కలిపిన నీటితో తడిపి పసుపుపొగ వేయమన్నాడు. నేటివారు అంత శ్రమపడనక్కరలేదు. గింజను ఒక దినం నీటిలో నానబెట్టి, మట్టిసంచిలో విత్తి, మొక్క బలపడిన తరువాత వానలు పడినప్పుడు గోతిలో నాటాలి. గోయి మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు ఉండి, పశువుల ఎరువు, పైమన్ను కలిపి నింపాలి.

చెట్టుకు చెట్టుకు నడుమ దూరం విషయంలో వరాహమిహిరుడు ఇరువది హస్తాలు ఉత్తమం, పదహారు మధ్యమం, పన్నెండు అధమం అన్నాడు. హస్తమంటే సుమారు అడుగున్నర. ఇరువది హస్తాలంటే ముప్పది అడుగులు, అనగా తొమ్మిది మీటర్లు. నేటి ఉద్యానశాస్త్రజ్ఞులు చింతకు పది మీటర్ల దూరం చెబుతారు. పదునాలుగు వందల ఏండ్లకు పైబడిన మాటకు, నేటి మాటకు భేదం ఒక్క మీటరు! ఆ లెక్కన పది చింతలకు ఎనభై, తొంభై మీటర్ల గట్టు చాలును. పొలం గట్టు, చెరువుకట్ట వెలుపలి అంచు, శ్మశానపు దారి, దేవాలయపు మాన్యం, బడి ఆవరణపు చివర ఇందుకు తగిన చోట్లు.

త్వరగా కాపు కోరేవారికి అంటుమొక్కలు ఉన్నాయి. అవి నాలుగైదేండ్లకే కాస్తాయి. అనంతపురం ఉద్యాన పరిశోధనా స్థానం నుంచి 'తెట్టు అమలిక', గుజ్జు ఎఱ్ఱగా ఉండే 'అనంత రుధిర' అనే రకాలు వచ్చినవి. మన సీమ నేలలకు, వానలకు అవి అలవాటు పడినవే. మొదటి రెండు మూడు ఎండకాలాలు వారానికొకసారి నీరు పోయడం, మేకలు కొరకకుండా కంప నాటడం మాత్రం తప్పనిసరి. ఆ తరువాత చింత తనను తానే చూచుకొంటుంది.

దారులను వెడల్పు చేసినప్పుడల్లా ఇరువైపులా ఉన్న పాతచింతలు నేలకొరగడం అందరమూ చూస్తున్నాము. దారి కావలసినదే, బండి పోవలసినదే. కాని ఇన్నూరేండ్ల చెట్టు పూటలో పోతుంది, దాని స్థానంలో మరొకటి రావడానికి తరం పడుతుంది. కొట్టినచోట పది నాటకపోతే మన మనుమలకు ప్రొద్దుటూరి నుంచి పులివెందులదాకా నిలువ నీడ ఉండదు.

కనుక ఈ ఉగాదికి పచ్చడిలో పులుసు పిసికేటప్పుడు, చేతికి తగిలిన గింజలను పారవేయకండి. వాటిలో పదింటిని కడిగి ఆరబెట్టి దాచండి. ఆషాఢంలో మొదటి వాన పడగానే పిల్లలచేత విత్తించండి. పది అన్నది నోమువలె ఒక్కనాటి లెక్క కానక్కరలేదు. ఏడాదికొకటి చొప్పున పదేండ్లు నాటినా పదే. స్వామి పుట్టలో వసించినప్పుడు నీడనిచ్చిన చెట్టు మన ఊరి దారులలోనూ నీడనిచ్చుగాక.

శుభం భూయాత్.